పాత టిబెటన్ ఉన్ని తివాచీ: కొనే ముందు ఎలా చూడాలి, ఇంట్లో ఎలా కాపాడుకోవాలి

దుకాణంవాళ్ళు తివాచీని మీ ముందు విసిరి పరుస్తారు. ముదురు నీలం మీద ఎర్ర గళ్ళు, చుట్టూ స్వస్తికల అంచు, చూడగానే మనసు లాగేస్తుంది. అప్పుడే బేరానికి దిగకండి. ముందు దాన్ని బోర్లా తిప్పించండి. పైన ఉండే బొచ్చును దువ్వొచ్చు, కత్తిరించొచ్చు, టీ నీళ్ళలో ముంచి పాతదనం తెప్పించొచ్చు. వెనకాల నేతను మార్చాలంటే మాత్రం మళ్ళీ మగ్గం ఎక్కించాల్సిందే. అందుకే పరీక్షలో సగానికి పైగా వెనకవైపే జరగాలి.

వెంట తీసుకెళ్ళాల్సినవి: టేపు, పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, టార్చి, మొద్దు మొన ఉన్న పెద్ద సూది, ఉతికిన తెల్ల నూలు గుడ్డ ముక్కలు నాలుగు, చిన్న సీసాలో మంచినీళ్ళు, అగ్గిపెట్టె. దుకాణంలో పసుపు దీపాలుంటే తివాచీని పగటి వెలుతురులోకి తెమ్మని అడగండి. ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

1. మొదట కొలత తీయండి

పాత టిబెటన్ ఇళ్ళలో గది నేలంతా కప్పే తివాచీల అలవాటు లేదు. ఎత్తు పీటల మీద కూర్చోవడానికి, పడుకోవడానికి వేసుకునేది ఖాదెన్. వెడల్పు సుమారు 75 నుంచి 90 సెం.మీ., పొడవు 150 నుంచి 180 సెం.మీ. ఒక మనిషి కూర్చునే చదరపు ఆసనం ఖగాంగ్మా, ఒక్కో వైపు 60 నుంచి 80 సెం.మీ. ఉంటుంది. ఇవి కాక గుర్రపు జీను కింద వేసేవి, జీను మీద పరిచేవి, మఠాల్లో భిక్షువుల వరుసల కోసం నేసిన పొడవాటి పట్టీలు ఉన్నాయి.

కాబట్టి 8 అడుగులకు 10 అడుగుల తివాచీ చూపించి ‘నూటయాభై ఏళ్ళ టిబెటన్’ అంటే నమ్మకండి. అలాంటి కొలతలు 1959 తర్వాత టిబెట్ నుంచి వలస వచ్చిన నేతగాళ్ళు విదేశీ గిరాకీ కోసం నేయడంతో పెరిగాయి. డార్జిలింగ్ శరణార్థి స్వయంసహాయ కేంద్రం 1959లో మొదలైంది. 1960లలో స్విస్ సాయంతో నేపాల్‌లోని జావలాఖేల్‌లో నేత ఊపందుకుంది. వాటిలోనూ చక్కని పనితనం ఉన్నవి బోలెడు. అయితే వాటి ధర వేరు.

2. పడుగు, పేక ఏమిటో తేల్చండి

తివాచీ పొట్టి అంచు దగ్గర నిలువు పోగులు, అంటే పడుగు, ఎక్కడైనా బయటపడి ఉంటాయి. వాటిని భూతద్దంలో చూడండి. ఉన్ని పోగు కాస్త నూగుగా, సాగే గుణంతో, తెలుపు గోధుమ రంగులు కలిసినట్టుగా కనిపిస్తుంది. నూలు పోగు తెల్లగా, నున్నగా, బిగువుగా ఉంటుంది. అనుమానం ఉంటే, యజమాని ఒప్పుకుంటే, ఎలాగూ ఊడిపోయిన పోగు నుంచే ఒక సెంటీమీటరు తీసుకుని కాల్చండి. ఉన్ని జుట్టు కాలిన వాసన కొట్టి, ముడుచుకుని, నలిపితే పొడయ్యే నల్లటి బొగ్గు మిగులుస్తుంది. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. కరిగి గట్టి పూసలా మారితే అది నైలాన్ లాంటిది. ఇక చూడాల్సిన పని లేదు.

పాతవాటిలో పడుగు, పేక (అంటే అడ్డ పోగులు), బొచ్చు మూడూ ఉన్నివే. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల నుంచి నూలు పడుగు వాడకం పెరిగింది. నూలు కనిపించినంత మాత్రాన నకిలీ అనుకోకండి. 1930లలో నేసిన మంచి ఖాదెన్‌కు కూడా నూలు పడుగు ఉండొచ్చు. కానీ నూలు పడుగు చూపిస్తూ ‘1850 నాటిది’ అని చెబితే మాత్రం పొసగదు. ఉన్ని పడుగు ఉంటే పాతదేనన్న గ్యారంటీ కూడా లేదు, ఇవాళ కావాలన్నా ఉన్ని పడుగుతో నేయొచ్చు. వేలితో నొక్కి చూస్తే చేతితో వడికిన దారం ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా తగులుతుంది. మిల్లు దారం మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు.

పొట్టి అంచుల్లో కుచ్చులు వేలాడుతున్నాయా? టిబెటన్ మగ్గం మీద పడుగు పై దూలం, కింది దూలం చుట్టూ ఒక చుట్టులా తిరుగుతుంది. నేత పూర్తయ్యాక మధ్యలో ఉన్న కర్ర లాగేస్తే చివర్లలో చిన్న ఉచ్చులు మిగులుతాయి. వాటిని మడిచి కుట్టేస్తారు, లేదా అంచు చుట్టూ ఎర్రటి గుడ్డ వేస్తారు. పొడవాటి కుచ్చులుంటే అవి తర్వాత ఎవరో తగిలించినవా అని చూడండి. ఆ ఎర్ర గుడ్డను గుర్తుపెట్టుకోండి, ఉతికే దగ్గర దాంతోనే అసలు తంటా.

3. కడ్డీ ఆనవాలు వెతకండి

ఇరాన్ తివాచీల్లో ఒక్కో ముడి వేసి ఒక్కోసారి దారం కోస్తారు. టిబెటన్ పద్ధతి అది కాదు. నేతరి పడుగు ముందు ఒక కడ్డీని అడ్డంగా పట్టుకుని, దారాన్ని రెండేసి పడుగు పోగులకూ కడ్డీకీ చుట్టుకుంటూ వెళ్తారు. అదే రంగు కొనసాగినంత దూరం దారం తెగదు. వరుస పూర్తయ్యాక పేక వేసి, దువ్వెనతో కొట్టి, కడ్డీ వెంట కత్తి లాగుతారు. ఉచ్చులన్నీ ఒక్కసారే తెగి బొచ్చవుతాయి.

దీని ఫలితం మీ చేతికి తెలుస్తుంది. బొచ్చు మీద అరచేతిని నిలువుగా, నెమ్మదిగా నడిపిస్తే అడ్డ వరుసలు సన్నని గట్లలా తగులుతాయి. బొచ్చును వేళ్ళతో విడదీస్తే వరుసల మధ్య దూరం ఇరాన్ తివాచీలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. సన్నని వంపుల కంటే గళ్ళు, మెట్లు, అడ్డంగా పొడుగ్గా సాగే గీతలు ఈ నేతకు సులువు.

ముడులు లెక్కపెట్టేటప్పుడు కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. వెనకవైపు ఒక్కో ముడి పక్కపక్కనే రెండు బుడిపెలుగా కనిపిస్తుంది. రెండింటినీ రెండు ముడులుగా లెక్కేస్తే సంఖ్య రెట్టింపవుతుంది. ముందువైపు బొచ్చు విడదీసి ఒక్క రంగు చుక్క వెనకాల ఎన్ని బుడిపెలుగా పడిందో చూసి, ఆ తర్వాత అంగుళం అడ్డానికి, అంగుళం నిలువుకు లెక్కించి గుణించండి. పాత టిబెటన్‌లో చదరపు అంగుళానికి 30 నుంచి 60 వస్తే మామూలే. ముడులు ఎక్కువైతే గొప్ప అనే కొలబద్ద ఇరాన్ సరుకుది. దాన్ని ఇక్కడ పెట్టి బేరమాడితే మీరే నవ్వులపాలవుతారు. ఇక్కడ విలువ ఉన్ని మెరుపుకు, రంగుకు, గీత ధైర్యానికి.

ఈ లెక్క పనికిరాని రకాలు రెండున్నాయి. వాంగ్‌డెన్ లోయలో నేసినవాటికి వెనకాల పడుగు దట్టంగా కప్పేసి ఉంటుంది. బోర్లా వేస్తే రంగుల బొమ్మ కాక మందపాటి ఉన్ని బట్టలా కనిపిస్తుంది. మిషను పని అనుకుని వదిలేయకండి. రెండోది త్సుక్‌ట్రుక్. సన్న మగ్గం మీద పట్టీలుగా నేసి, వాటిని పక్కపక్కన కుట్టిన పొడుగు బొచ్చు తివాచీ. వెనకాల నిలువు కుట్లు కనిపిస్తే అతుకులని కంగారు పడొద్దు, దాని పుట్టుకే అంత. గళ్ళు, ఒకదానిలో ఒకటి ఒదిగిన చతురస్రాలు ఇందులో ఎంత బాగుంటాయో చూసినవాళ్ళకే తెలుసు.

4. రంగును వేరు దాకా చూడండి

ఒక్కో రంగు దగ్గర బొచ్చును విడదీసి, కొస, మధ్య, వేరు మూడూ చూడండి. కొస వెలిసి వేరు దగ్గర కళ్ళు జిగేలుమనే గులాబీనో ఊదానో ఉంటే అది తొలినాళ్ళ కృత్రిమ రంగు. ప్రకృతి రంగు కూడా ఎండకు తగ్గుతుంది. అయితే కొసకూ వేరుకూ మధ్య ఆ తగ్గుదల మెల్లగా, ఒకే రంగులో జరుగుతుంది.

పాతవాటిలో నీలం నీలిమందు నుంచి, ఎరుపు మంజిష్ఠ నుంచి, పసుపు రేవల్చిని లాంటి మొక్కల నుంచి, గోధుమ రంగు అక్రోటు తొక్క నుంచి వచ్చేవి. లక్క ఎరుపూ ఉంది. ప్రపంచంలో తొలి కృత్రిమ అద్దకపు రంగు 1856లో తయారైంది. ఆ రకాలు కలకత్తా, కాలింపాంగ్ వర్తకపు దారుల్లో టిబెట్ చేరడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. ఒక్క గులాబీ పోగు కనిపించగానే తివాచీ చెత్త అయిపోదు. దాని వయసు మీద అమ్మేవాళ్ళు చెప్పిన కథ మాత్రం మారిపోతుంది.

ఒకే నీలం మధ్యలో అడ్డంగా లేత, ముదురు పట్టీలుగా మారుతోందా? దారం కొంచెం కొంచెంగా అద్దుకుని నేసినప్పుడు అలా వస్తుంది. లోపం కాదు, కొందరు దానికోసమే కొంటారు. నలుపు, ముదురు గోధుమ ఉన్నచోట బొచ్చు మిగతా చోట్లకంటే పల్లంగా ఉంటే, ఇనుము కలిపిన అద్దకం ఉన్నిని తినేసిందన్నమాట. అది నిజమైన పాతదనపు గుర్తు, కానీ ఆ భాగం ఇంకా రాలుతుంది. నల్ల గొర్రె ఉన్నిని అద్దకం లేకుండా వాడినచోట ఈ జబ్బు ఉండదు.

చివరగా తడి పరీక్ష. తెల్ల గుడ్డ తడిపి, పిండి, ఒక్కో రంగు మీద అయిదు నిమిషాలు అదిమి ఉంచండి. అంచు చుట్టూ ఉన్న ఎర్ర గుడ్డ మీద కూడా. మరక పడితే ఆ తివాచీని జన్మలో నీళ్ళలో ముంచకూడదని రాసిపెట్టుకోండి.

5. బొమ్మలను చదవండి

జ్యామితి బొమ్మలంటే కొన్నే తరచూ ఎదురవుతాయి. చదరంగపు గళ్ళు. రెండు చతురస్రాలు ఒకదానిమీదొకటి తిరిగినట్టుండే గావు, అంటే టిబెటన్లు మెడలో కట్టుకునే తాయెత్తు పెట్టె ఆకారం, దాన్ని జాలీలా పరుస్తారు. కప్ప పాదాల జాలీ. మధ్యలో వరుసగా మూడు గుండ్రాలు. ముడి కట్టి అద్దిన ఉన్ని బట్ట మీది కూడిక గుర్తుల్ని అనుకరించే తిగ్మా. అంచుల్లో ఇంగ్లిషు T అక్షరం ఆకారపు మెలికలు, ముత్యాల వరుస, యుంగ్‌డ్రుంగ్ అని పిలిచే స్వస్తిక.

చూడాల్సింది బొమ్మ పేరు కాదు, మూలలు. చేతి నేతలో గళ్ళు చివరి అంచు దాకా సరిగ్గా రావు. ఎక్కడో ఒకచోట గడి సన్నబడుతుంది, మూలలో మెలిక సర్దుకుంటుంది. నాలుగు మూలలూ అద్దంలో చూసినట్టు ఉంటే గ్రాఫ్ కాగితం మీద గీసుకుని నేసిన ఇటీవలి సరుకు కావొచ్చు. కావొచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే గ్యాంట్సే వంటి చోట్ల పెద్ద నేతశాలల్లో పాతరోజుల్లోనూ చేతులు చాలా ఖచ్చితంగా ఉండేవి.

6. మోసాలు, గాయాలు

వాడిన తివాచీ వెనకాల ముడులు నేలకు రాసుకుని చదునుగా, కొంచెం నున్నగా అవుతాయి. బొచ్చు అరిగి ఉండి వెనకాల ముడులు గుండ్రంగా, నూగుతో ఉంటే ఆ అరుగుదల యంత్రం పని. వెనకాల నూగు కొసలు నల్లగా మాడి ఉంటే, కొత్త తివాచీకి మంట పట్టించి నూగు తీసేశారు. బ్లీచింగ్ చేసినవాటిలో ఉన్ని జీవం లేకుండా పెళుసుగా ఉండి, రుద్దితే పొడి రాలుతుంది. టీ నీళ్ళు పట్టిస్తే తెల్లగా ఉండాల్సిన పడుగు కూడా అదే గోధుమ రంగు పట్టేస్తుంది. తెల్ల పోగును సూదితో లేపి లోపలిభాగం చూడండి.

తర్వాత కుళ్ళు. తివాచీ ఒక మూలను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మడిచి, చెవి దగ్గర పెట్టండి. చిటపటమని సన్నని శబ్దం వస్తే లోపల పడుగు తెగుతోంది. పూలకుండీ కింద పెట్టిన చోట, గోడ చెమ్మ తగిలిన చోట ఇది ఎక్కువ. నూలు పడుగు దీనికి త్వరగా లొంగుతుంది. టార్చి వెనకాల పెట్టి వెలుతురులో చూస్తే చిమ్మట కొరికిన చోట్లు చుక్కల్లా మెరుస్తాయి. వెనకాల రబ్బరు జిగురు పూసి ఉంటే వదిలేయండి. జిగురు గట్టిపడి, పోగులతో సహా పెచ్చులూడుతుంది.

వయసు గురించి ఒక మాట. మనకు దొరికేవాటిలో ఎక్కువ భాగం 19వ శతాబ్దం చివరి నుంచి 1959 మధ్యవి. ‘మూడు వందల ఏళ్ళు’ అని చెప్పి కార్బన్ పరీక్ష కాగితం చూపిస్తే తొందరపడకండి. 1650 తర్వాతి వస్తువులకు ఆ పరీక్ష ఇచ్చే వయసు చాలా వెడల్పైన అవధి, తేల్చి చెప్పేది తక్కువ.

7. కాగితాలు

వందేళ్ళు దాటిన కళావస్తువు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కిందికి వస్తుంది. అలాంటివి అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. ఇక్కడ కొని డాలస్‌కో, సింగపూర్‌కో పట్టుకెళ్దామనుకునేవాళ్ళు ముఖ్యంగా వినాలి: వందేళ్ళు దాటినదాన్ని మామూలు మనిషి దేశం దాటించడం నిషేధం. దాటనిదైతే అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకుని ఉంచుకోండి. విమానాశ్రయంలో ‘ఇది నిజంగా పాతదండీ’ అని గొప్పకు పోతే తివాచీ అక్కడే ఉండిపోతుంది. నేపాల్‌లోనూ వందేళ్ళ గీతే. కాఠ్మాండూలో కొంటే అక్కడి పురావస్తు విభాగం అనుమతి అడగండి.

8. ఇంటికి తెచ్చిన రోజే చలిపెట్టండి

కొత్తగా తెచ్చిన ఉన్నిని మిగతా ఉన్ని బట్టల గదిలో పెట్టకండి. చిమ్మట గుడ్లు కంటికి సులువుగా కనపడవు. తివాచీని మెల్లగా చుట్టి, పాలిథీన్‌లో పెట్టి, లోపలి గాలి తీసి, టేపుతో మూసి, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే చల్లని ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఆసనం సైజు అయితే ఇంటి డీప్ ఫ్రీజర్‌లో పడుతుంది. ఖాదెన్‌కు ఐస్‌క్రీమ్ డిపోలో ఉండే పెద్ద పెట్టె కావాలి. గుంటూరు మిరప కోల్డ్ స్టోరేజీ గుర్తొస్తే, అది కుదరదు, అక్కడి చలి సున్నాకు పైనే.

బయటికి తీశాక సంచి వెంటనే విప్పితే గాలిలో తేమ తివాచీ మీద నీళ్ళుగా పేరుకుంటుంది. 24 గంటలు మూసే ఉంచండి. చలి ఇప్పుడున్న పురుగును చంపుతుందే తప్ప రేపు రాబోయేదాన్ని ఆపదు. వేపాకు, కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్నవే, కానీ ఉన్నిలో దాగిన పురుగును వేపాకు చంపలేదు. నాఫ్తలీన్ నేరుగా తగిలితే వాసన ఏళ్ళ తరబడి వదలదు.

9. దుమ్ము, తర్వాతే నీళ్ళు

తివాచీని బోర్లా వేసి, వెనకాల అరచేతితో తట్టండి. ఇసుక కిందికి రాలుతుంది. చీపురుకట్టతో బాదడం, దండెం మీద వేసి కొట్టడం వద్దు. తర్వాత తిరగేసి, వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి దోమతెర ముక్క కట్టి, తక్కువ బలంతో, బొచ్చు వాలిన వైపే నడపండి. తిరిగే బ్రష్షు ఉన్న మూతి వాడకూడదు. చాలా తివాచీలకు ఇదొక్కటే చాలు.

నిజంగా పాతదైతే, అరుదైనదైతే నీళ్ళ పని నిపుణులకే వదలండి. 1960 తర్వాతి గట్టి తివాచీకి, తడి పరీక్షలో ఏ రంగూ వదలకపోతేనే, ఇలా చేయొచ్చు:

చలువ రాయి నేల మీద పరిచి, 5 లీటర్ల నీళ్ళలో ఒక చెంచా, అంటే 5 మి.లీ., క్షార గుణం లేని ద్రవ సబ్బు కలపండి. నీళ్ళు 30 డిగ్రీలు దాటకూడదు. స్పాంజితో బొచ్చు వాలు వెంట అద్దుతూ వెళ్ళండి, రుద్దొద్దు. వేడి, రాపిడి కలిస్తే ఉన్ని ముద్దకడుతుంది. మూడు నాలుగు సార్లు మంచినీళ్ళతో కడిగి, చివరిసారి 5 లీటర్లకు 50 మి.లీ. తెల్ల వెనిగర్ కలపండి. ఉన్నికి కాస్త పులుపు గుణమే సరిపడుతుంది.

చాకలి సోడా, బట్టల పొడి రెండూ ఉన్నికి శత్రువులు. పొడుల్లో మాంసకృత్తుల మరకలు తినే ఎంజైములుంటాయి, ఉన్ని కూడా మాంసకృత్తే. కుంకుడు రసం మెత్తనిదే కానీ తెల్ల, లేత రంగుల మీద పసుపు ఛాయ వదులుతుంది. బోరు నీళ్ళు కఠినంగా ఉన్న ఊళ్ళలో సబ్బు తెట్టు బొచ్చులో ఇరుక్కుంటుంది. ఫిల్టరు మంచినీళ్ళు వాడండి. ఆర్వో యంత్రం బయటికి పారబోసే నీళ్ళు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

ఎర్ర గుడ్డ అంచు ఉంటే, తివాచీ రంగులన్నీ నిలబడినా, ఆ గుడ్డ రంగు కారి లేత భాగాల్లోకి పాకుతుంది. మరకలతో పాడయ్యేవి చాలావరకు ఇలాగే. అంచు విప్పకండి, అది పాత కుట్టే కావొచ్చు. నీళ్ళే మానేయండి.

ఆరబెట్టడం నీడలో, చదునుగా, ఫ్యాను కింద. కింద గాలి ఆడేలా నవారు మంచం బాగుంటుంది. ఒక అంచు పట్టుకుని వేలాడదీస్తే తడి బరువుకు పడుగు తెగుతుంది.

10. పరచడం, తగిలించడం, దాచడం

కాళ్ళ నడక ఉన్నచోట కాకుండా దివాన్ మీదో బల్ల మీదో పరచండి, పుట్టింది అందుకే. కిటికీ ఎండ పడే చోట నాలుగు నెలలకోసారి తిప్పి వేయండి. అంచు ఊడుతుంటే లావు నూలు దారంతో, 6 నుంచి 8 మి.మీ. ఎడంలో, కాజా కుట్టులా చుట్టూ తీయండి. సూది ముడుల మధ్య నుంచి పోవాలి, ముడిని చీల్చకూడదు.

గోడకు మేకులు కొట్టొద్దు. వెల్క్రో మెత్తని వైపును వెడల్పాటి నూలు పట్టీకి కుట్టి, ఆ పట్టీని తివాచీ వెనకాల పై అంచు పొడవునా పేక పట్టుకునేలా చేతితో కుట్టండి. రెండో వైపును చెక్కపట్టీకి బిగించండి. బరువు అంతటా సమంగా పడుతుంది.

దాచేటప్పుడు మడతపెట్టకండి. 10 సెం.మీ. కంటే లావైన అట్టగొట్టానికి గంజి లేని తెల్ల నూలు గుడ్డ చుట్టి, బొచ్చు బయటికి ఉండేలా, బొచ్చు వాలిన దిశలో చుట్టండి. పైన మళ్ళీ నూలు గుడ్డ. ప్లాస్టిక్ కవరు కోస్తాలో బూజును పెంచుతుంది. కాకినాడ, విశాఖ వైపు వానాకాలంలో గాలి తేమ 70 శాతం దాటే రోజులెక్కువ, అందుకని చుట్టను బయటి గోడకు ఆనించకుండా, నేల నుంచి అడుగు ఎత్తున పెట్టండి. జూలై నుంచి అక్టోబరు దాకా నెలకోసారి విప్పి, టార్చి వేసి, వెనకవైపు కూడా చూడండి. తెల్లని సన్న గూళ్ళు, ఇసుకలాంటి పొడి కనిపిస్తే ఆ రోజే ఫ్రీజర్.